ఆతే నేర్పిన గొట్టాల పాట

మొన్న మా వంటింట్లో సింకు కింద గొట్టం పగిలితే ప్లంబరు వచ్చాడు. కొత్త ప్లాస్టిక్ పైపును కొలిచి, కోసి, ఒక కొసకు మూత బిగించి, కుదిరిందో లేదో అని దాన్ని నేలకేసి ఒకసారి తట్టాడు. ‘డుంగు’మని లోతుగా, గుండ్రంగా ఒక శబ్దం లేచింది. హాల్లో పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తి ఇటు చూశారు. పొయ్యి మీద పోపు మాడుతున్న సంగతి మరిచి నేనూ అటే చూశాను. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఆ శబ్దం గురించి మేము అనుకోవలసినవన్నీ ఎప్పుడో, ఖతార్‌లో ఉండగానే, అనేసుకున్నాం. కానీ ఆ పూటంతా నా మనసు దోహా చుట్టూనే తిరిగింది.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, తొంభైల్లో గల్ఫుకు వెళ్ళడమంటే ఏమిటో. ఇక్కడివాళ్ళకు అదంతా ఒకటే దుబాయ్. మేమున్నది ఖతార్ అని, అది వేరే దేశమని ఎన్నిసార్లు చెప్పినా మా పిన్ని ఫోనులో ‘దుబాయ్‌లో ఎండలెలా ఉన్నాయే’ అనే అడిగేది. కువైట్ యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్ళే అయింది. కట్టుబట్టలతో అక్కణ్ణుంచి బయటపడ్డవాళ్ళు మావారి కంపెనీలోనే ఉండేవారు. వాళ్ళ కథలు విని విని, ఏ పూట ఎవరొచ్చి సామాను సర్దుకోమంటారో అన్న బెరుకు మా అందరికీ ఒంటికి పట్టేసింది. పక్క ఫ్లాటులో కొత్తవాళ్ళు దిగితే అనుమానం, ఆఫీసరు నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. కూరలో ఉప్పులాగా అది మా ప్రతి రోజులోనూ కాస్త పడేది.

మావారు ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ స్టోర్సులో పనిచేసేవారు. అల్ మన్సూరాలో, కింద మలయాళీ కిరాణా కొట్టు, పక్కన ఇరానీ రొట్టెల పొయ్యి ఉన్న ఒక మేడలో మాకు రెండు గదుల వాటా ఉండేది. విజయనగరంలో సంగీతం నేర్చుకున్న పుణ్యాన నాకు ఒక ఇండియన్ స్కూల్లో పాటల టీచరు ఉద్యోగం దొరికింది. ప్రార్థన గీతం, గణతంత్ర దినానికి దేశభక్తి గీతం, వార్షికోత్సవానికి ఒక బృందగానం, వీటన్నిటికీ ఒక పాత హార్మోనియం. ఆ దేశంలో నా ఉనికి మాత్రం మావారి వీసా మీద ఆధారపడి ఉండేది. ఆయన కుర్చీ కదిలితే నా హార్మోనియమూ కదులుతుంది.

అలా ఉండగా ఒక వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి మా సంగీతం గదిలో ఒక ఫిలిప్పీనో ఆవిడ కీబోర్డు ముందు కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. పొట్టి జుట్టు, చామనఛాయ, మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగి మనిషిని చూసే అలవాటు. వాళ్ళ దేశంలో సంగీతంలో డిగ్రీ చేసి, అక్కడి బడుల్లో చాలాకాలం పాఠాలు చెప్పి వచ్చిందట. చిన్న తరగతులకు పాశ్చాత్య సంగీతం చెప్పడానికి తీసుకున్నామన్నారు ప్రిన్సిపాల్ గారు. స్టాఫ్ రూములో మాత్రం వేరే మాట నడిచింది. ఒక బడికి ఇద్దరు సంగీతం టీచర్లు ఎందుకు, సంవత్సరం చివర్లో ఎవరో ఒకరే మిగులుతారు, హార్మోనియం కాలం అయిపోయింది అని నా వెనకాల, నాకు వినిపించేంత దూరంలోనే అనుకునేవారు. ఆ మాటలు ఆవిడ చెవినా పడేవే. అందుకే మొదటి రెండు నెలలూ మేమిద్దరం ఒకే గదిలో, ఒకే బీరువాలో చెరో అరలో సామాను పెట్టుకుంటూ, ఒకరి తాళంచెవి ఒకరికి ఇవ్వకుండా గడిపాం.

ఆవిడను అక్కడి ఫిలిప్పీనో నర్సులు, ఆయాలు అందరూ ‘ఆతే’ అనేవారు. అది పేరనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్ళ భాషలో ఆతే అంటే అక్క అని. మావారికి ఆ మాట అత్తలాగా వినిపించేది. “ఇవాళ మీ అత్తగారు ఏం వాయించారు?” అని వేళాకోళం చేసేవారు. నేను కూడా చివరికి ఆతే అనే పిలిచాను. కనుక ఇక్కడా అలాగే రాస్తాను.

చలికాలం మొదలవుతుండగా ఆతే ఒక కొత్త సంగతి ఎత్తుకుంది. దోహాలో ఉన్న రకరకాల బడుల సంగీతం టీచర్లను గురువారం మధ్యాహ్నాలు మా బడికి పిలిచి, తమ దేశపు పాటలూ వాయిద్యాలూ నేర్పుతుందట, వాళ్ళు తమ తరగతుల్లో పిల్లలకు నేర్పుకోవచ్చునట. రుసుమేమీ లేదు. బడికి పేరొస్తుందని ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మా గురువుగారి ఇంట్లో ఒక వర్ణం చేతిలో పడాలంటే ఎంతకాలం నీళ్ళు మోసి, తాంబూలాలు చుట్టాలో నాకు తెలుసు. విద్యను ఎవరైనా ఇలా సంతలో వంకాయల్లా ఎదురెళ్ళి పంచుతారా? వేరే బడుల్లో పరిచయాలు పెంచుకుని పెద్ద ఉద్యోగం చూసుకుంటుందేమో అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను కూడా, నీకు దీంట్లో ఏం వస్తుంది అని.

ఆతే ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. “నేనొక్కదాన్నీ వాయించలేను,” అంది. “మాది ఆరుగురు కలిస్తేనే వచ్చే పాట. నీకు నీ గొంతు ఉంటే చాలు. నాకు ఇంకో అయిదుగురు కావాలి.”

తనది వాళ్ళ దేశపు ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం. దోహాలో వాళ్ళవాళ్ళు వేలమంది ఉన్నా, అందరూ గిటార్లు పట్టుకునే పట్నపు పిల్లలే గాని కొండ పాట తెలిసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదట. ఆ జవాబులో మోసమేమీ కనబడలేదు. అయినా నా బీరువా తాళంచెవి నా కొంగుకే ఉంచుకున్నాను.

ఆ వాయిద్యం పేరు తొంగతొంగ్. వెదురు గొట్టాలు, ఒక్కొక్కటి ఒక్కో పొడవు, అడుగున కణుపు మూసి ఉంటుంది, పైన తెరిచి ఉంటుంది. నేలకేసి నిలువుగా తట్టాలి, రెండో చేత్తో పై కంతను మూస్తూ తెరుస్తూ ఉండాలి. అయితే ఆ ఎడారిలో వెదురెక్కడిది? ఆతే ప్లాస్టిక్ పైపులైనా చాలునంది. మా మేడకు నల్లాల పని చేయడానికి కరీంనగర్ వైపు తమ్ముడొకడు వచ్చేవాడు. ఒక లేబర్ క్యాంపులో ఉండేవాడు, పండక్కి మా ఇంట్లో పులిహోర తినిపోయేవాడు. అతణ్ణి అడిగాను.

“నల్లా ఏమన్న కరాబైందా అక్కా?” అన్నాడు.

“కాదు తమ్ముడూ, వాయించుకోవడానికి.”

అతను నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. “పైపులు గొట్టితె పాట వస్తదా? నువ్వు మంచిగనే ఉన్నవా అక్కా? మా ఫోర్‌మన్ జూసిండంటే దొంగ మాలు అంటడు. నాకు యల్లా ఇండియా, నడువ్ అంటడు.”

చివరికి సైటులో ముట్టుకోకుండా, కొట్లో కొన్న పైపునే తెచ్చి, ఆతే చెప్పిన కొలతలకు మా వరండాలో కూర్చుని కోసి, అడుగున మూతలు బిగించి పెట్టాడు. మూడో అంతస్తు పాకిస్తానీ పెద్దాయన మెట్లు దిగుతూ ఆగి, ఇవేమిటని అడిగి, జవాబు విని, నమ్మకుండానే వెళ్ళిపోయాడు. వాటిని సంచిలో చుట్టి బడికి మోసుకెళుతుంటే గేటు దగ్గర కాపలావాడు సంచి విప్పించాడు. పేరుకు తగ్గట్టే ఆ తొంగతొంగ్‌ను అందరూ తొంగి తొంగి చూశారు.

గురువారం మధ్యాహ్నాలకు చివరికి మేము ఆరుగురం తేలాం. ఆతే, నేను, మా బడిలోనే డ్రిల్లు చెప్పే మలయాళీ టీచరు, ఒక సిలోన్ ఆవిడ, తనే కారు నడుపుకుంటూ వచ్చే ఒక ఇంగ్లీషు దొరసాని, అల్ హిలాల్‌లో ఉండే ఒక ఈజిప్టు మాస్టారు. మాస్టారు ఊద్ అనే తంత్రీవాద్యం బాగా వాయించేవారట. ఏది చెప్పినా జేబులోంచి కాగితం తీసి రాసుకునేవారు, ప్రశ్నలు ఎక్కువ అడిగేవారు.

మొదట కొన్ని పిల్లల పాటలు నేర్పింది. రెండు కర్రలు నేలమీద పరిచి, ఇద్దరు వాటిని తాళంలో కలుపుతూ విడదీస్తూ ఉంటే, మధ్యలో కాలు ఇరుక్కోకుండా ఎగిరే ఆట ఒకటి నేర్పింది. చీరతో నావల్ల కాదని నేను కర్రల దగ్గరే కూర్చున్నాను. మన కోలాటం వచ్చినవాళ్ళకు ఆ తాళం కొత్త కాదు. ఒకసారి పెదవుల దగ్గర పెట్టుకుని వాయించే చిన్న వెదురు ముక్క తెచ్చింది. అచ్చం మన మోర్సింగే. మా ఊళ్ళో ఇనుముతో చేస్తారని చెబితే, ఇనుమా, పళ్ళు ఉంటాయా అని ఆశ్చర్యపోయింది. మా మధ్య మొదటిసారి నవ్వు పుట్టింది అప్పుడే.

గొట్టాల దగ్గరే నాకు చిక్కొచ్చింది. ఒక్కొక్కరికి ఒక్క గొట్టం, ఒక్క స్వరం. నా చేతిలో ఉన్నదాంట్లో పాట లేదు. పక్కామె చేతిలోనూ లేదు. నా దెబ్బ పడ్డాక ఆమె దెబ్బ, ఆ రెండింటి సందులో మాస్టారి దెబ్బ, అలా ఆరుగురి మధ్యా పరిగెత్తుతూ పోతేనే అది పాట. ఆలాపన మొదలుపెడితే పూర్తయ్యేదాకా నాదే రాజ్యం అన్న పద్ధతిలో పెరిగినదాన్ని నేను. పక్కవాళ్ళు సమయానికి కొడతారో లేదో అన్న శంకతో వాళ్ళ చేతుల వైపు చూసేదాన్ని. చూసినప్పుడల్లా నా దెబ్బ ఆలస్యమయ్యేది. ఆతే వచ్చి నా గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పేది. “చూడకు. ఆమె కొడుతుంది. నువ్వు నీది కొట్టు.”

ఎన్ని వారాలు పట్టిందో గాని, ఒక గురువారం అది హఠాత్తుగా కుదిరింది. ఎవరి చేయి ఎవరిదో తెలియకుండా గది నిండా వాన పడ్డట్టు అయింది. ఆపగానే మాస్టారు అరబ్బీలో దేవుణ్ణి తలచుకున్నారు, సిలోన్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మర్నాడే నేను బీరువా తాళంచెవి ఆతేకి ఇచ్చేశాను.

ఆతే గది మా మేడకు వెనక సందులోనే ఉండటంతో బడినుంచి కలిసి నడిచేవాళ్ళం. ఒక సాయంత్రం రొట్టెల పొయ్యి ముందు వరుసలో నిలబడి ఉండగా, తన చిన్నతనంలో తమ్ముడికి పెద్ద జబ్బు చేసిందని, ఊరివాళ్ళంతా ఇంటి ముందు చేరి తెల్లవార్లూ ఈ గొట్టాలు కొట్టారని చెప్పింది. రోగి దగ్గరికి పెద్దల ఆత్మలు వచ్చి కాపాడతాయని వాళ్ళ నమ్మకమట. తమ్ముడు బతికాడా అన్నాను. బతికాడు, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు అంది. ఈ సంగతి తరగతిలో ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను, ఊరు కాని ఊళ్ళో ఇలాంటివి ఎలా అర్థం చేసుకుంటారో తెలియదు కదా అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మావారికి చెప్పాను. భర్తకు చెప్పడమూ ఒకరికి చెప్పడమేనని ఆ వయసులో తోచదు. ఆయన చారులో చెయ్యి ఆపి, మళ్ళీ కలుపుకున్నారు. 

ఆ తర్వాత కొద్ది రోజులకే ప్రిన్సిపాల్ గారు ఆతేను పిలిచి, మీ గురువారం కూడికల మీద ఎవరో ఫిర్యాదు చేశారని, కాస్త జాగ్రత్తగా ఉండమని చెప్పారు. ఎవరో, ఏమనో చెప్పలేదు. ఆ వారం మేము వాయించడానికి కూర్చున్నాం. పాట రాలేదు. ఆరు చేతులూ ఉన్నాయి, ఆరు గొట్టాలూ ఉన్నాయి, కానీ ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ ముఖం వైపే చూస్తున్నారు. మలయాళీ టీచరు చూపు, సిలోన్ ఆవిడ చూపు, నాదీ, చివరికి పోయి పోయి మాస్టారి జేబులోని కాగితాల దగ్గర ఆగాయి. ఇంతకాలం ఆయన ఏం రాసుకుంటున్నట్టు? అరబ్బీ వచ్చినవాడు ఆయనొక్కడే, ఎవరికైనా చెప్పగలిగితే ఆయనే చెప్పాలి. ఎవరూ పైకి అనలేదు. మాస్టారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొట్టాన్ని గోడకు ఆనించి, ఇంట్లో పనుందని వెళ్ళిపోయారు. మరుసటి గురువారం రాలేదు.

ఆ వారంలోనే నాకు పిలుపు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు తలుపు వేయించి, గొంతు తగ్గించి అడిగారు.

“ఆ గొట్టాలు వాళ్ళ కొండల్లో రోగుల దగ్గరికి ఆత్మల్ని పిలవడానికి కొడతారట కదా. మీకు తెలుసా?”

 “మేడం, ఇక్కడ పాటగానే నేర్పుతోంది. ఎవరు చెప్పారు మీకిది?”

“మీ మేలు కోరినవాళ్ళే చెప్పారు. మంత్రాలూ తంత్రాలూ అన్న మాట బయటికి పొక్కితే నా బడి ఉంటుందా? ఇక ఆ గదికి తాళమే. ఆమె కాంట్రాక్టు కూడా ఈ ఏటితో సరి. మీ పేరు ఎక్కడా రానివ్వను, భయపడకండి.”

నా మేలు. నా పేరు. ఇంటికి నడుస్తూ ఆ రెండు మాటలే తిప్పి తిప్పి చూసుకున్నాను. రొట్టెల పొయ్యి ముందు ఆతే చెప్పిన మాట విన్నది నేను. నా నోట విన్నది ఒక్కరే. ఇరుగును, పొరుగును, కాగితాల మాస్టారిని, అందరినీ దాటి వచ్చి వచ్చి ఆ అనుమానం మా ఇంటి గడప దగ్గర నిలబడింది. తాళం తీయడానికి నాకు చేతులు రాలేదు.

మావారు సాయంత్రం వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తుండగా అడిగాను. “మీరు మా బడికి వెళ్ళారా?”

ఆయన వెనక్కి తిరగలేదు. “వెళ్ళాను.”

“ఎందుకండీ?”

“భయమేసింది. మా కంపెనీలో ఒక డ్రైవరు తాయెత్తులు కడుతున్నాడని ఎవరో అన్నారు. మర్నాటికి అతను లేడు. ఎక్కడికి పంపారో కూడా మాకు తెలియలేదు. నిన్ను కూడా అలాగే... నీ పేరు దాంట్లోంచి తీసేయమని అడిగాను. అంతే. ఆవిణ్ణి పంపేయమని నేను అనలేదు.”

“మీరు అననక్కర్లేదు కదా. మీరు చెప్పింది చాలు.”

ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. ఆ మనిషి దుర్మార్గుడు కాడు. నా జీవితంలో ఆయన నాకు ఒక్క కఠినమైన మాట అనలేదు. అదే నన్ను మరీ కోసింది. చెడ్డవాళ్ళను కనిపెట్టడానికి మనం ఎన్నో జాగ్రత్తలు పెట్టుకుంటాం. మన మేలు కోరేవాళ్ళను ఎలా కాచుకోవాలో ఎవరూ చెప్పరు. చాలా రోజులు ఆ రెండు గదుల్లో అన్నం వడ్డించడం, తినడం తప్ప మాటల్లేవు. ఆయన స్నానానికి వెళితే నేను వంటింట్లోకి, ఆయన వంటింట్లోకి వస్తే నేను వరండాలోకి. ఎవరితో ఫోనులో మాట్లాడినా ఏం మాట్లాడుతున్నారో అని నా చెవి అటే ఉండేది.

ఆతేకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె అంతా విన్నది. నేను ఏడిస్తే ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. “నేను నీకు చెప్పాను. నీకొక్కదానికే,” అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బడినుంచి తనొక్కతే నడిచి వెళ్ళేది. నేను వెనకాల కొంత దూరంలో నడిచేదాన్ని.

మావారు మొదట ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, తాను పొరబడ్డానని చెప్పి చూశారు. ఇప్పుడెందుకు మాట మారుస్తున్నారు, మీ మీద ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా అని ఆవిడకు కొత్త అనుమానం పుట్టింది. చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం అసలు చెప్పడం కంటే కష్టమని ఆయనకు తెలిసొచ్చింది. ఒక శుక్రవారం నాతో ఏమీ చెప్పకుండా, తయారవమని మాత్రం చెప్పి, కారు అల్ హిలాల్ వైపు తిప్పారు. ఈజిప్టు మాస్టారి ఇల్లు. మాస్టారు తలుపు తీసి, మమ్మల్ని కూర్చోబెట్టి, పుదీనా వేసిన టీ ఇచ్చారు. మావారు గ్లాసు ముట్టకుండానే, ఫిర్యాదు చేసింది నేను, మిమ్మల్ని అందరూ తప్పుగా అనుకున్నారు, అది నావల్ల జరిగింది అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు. నేను ఆయన్ని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు, అంత పెద్దగానూ చూడలేదు.

 మాస్టారు లోపలికి వెళ్ళి ఆ కాగితాలు తెచ్చి మా ముందు పెట్టారు. గొట్టాల దెబ్బల వరస, చుక్కలూ గీతలుగా. తన తరగతి పిల్లలకు నేర్పుదామని రాసుకున్నారట. “మీరు వచ్చారు, సంతోషం. టీ తాగండి,” అన్నారు. మళ్ళీ వస్తారా అని నేను అడిగాను. నవ్వారు గాని అవుననలేదు. ఆయన మళ్ళీ గొట్టం పట్టలేదు. తప్పు ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు క్షమిస్తారు గాని, తమవైపు తిరిగిన ఆ చూపుల్ని మరిచిపోరు.

అక్కణ్ణుంచి మావారు ఆతే గదికి కూడా వెళ్ళారు. నన్ను కారులోనే ఉండమన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగొచ్చి, “మీ అత్తగారు తలుపు వేసేశారు. కానీ నేను చెప్పింది మొత్తం విన్నాకే వేశారు,” అన్నారు.

ఏడాది చివర ఆతే కాంట్రాక్టు అనుకున్నట్టే అయిపోయింది. ఇక వెళ్ళిపోతుందనుకున్న సమయానికి, ఇంగ్లీషు దొరసాని ఎవరితోనో మాట్లాడి, దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ సిబ్బంది పిల్లల బడిలో ఆమెకు పని చూపించింది. దుఖాన్ అంటే ఆ దేశానికి ఇటు చివర మేమైతే, అటు చివర. మధ్యలో ఇసుక, ఒంటెలు, దూరంగా గ్యాసు మంటలు. అక్కడి బడి పెద్దలకు ఈ గొట్టాల సంగతి ఆతే ముందే, తన నోటితోనే, దాచకుండా చెప్పిందట. పాట ఎక్కడిదైనా పాటే కదా అన్నారట వాళ్ళు. వినగానే నాకు సంతోషం కంటే ముందు, నిజంగానే అన్నారా, దీని వెనక ఇంకేముందో అనిపించింది. అప్పటికి నా బుద్ధి అలా తయారైంది.

కొన్నాళ్ళకు దొరసాని ఫోను చేసింది. శుక్రవారాలు వీలైనప్పుడల్లా తను, సిలోన్ ఆవిడ, మలయాళీ టీచరు దుఖాన్ వెళుతున్నారట, నన్ను కూడా రమ్మని ఆతే చెప్పమందట. నేను ఫోను పెట్టి మావారి వైపు చూశాను. ఆయన కారు తాళాలు తీసుకున్నారు.

దారంతా మాటల్లేవు. బడి ముందు నన్ను దింపి, తను కారులోనే కూర్చుంటానన్నారు. లోపల ఆతే నన్ను చూసి తలూపింది, అంతే. నా గొట్టం నాకిచ్చింది. మాస్టారి గొట్టం గోడకు ఆనించి ఉంది. అయిదుగురం మొదలుపెట్టాం. పాట వచ్చినట్టే వచ్చి, మాస్టారి దెబ్బ పడవలసిన చోట ప్రతిసారీ పన్ను ఊడినట్టు ఖాళీ. రెండుసార్లు ఆపాం. మూడోసారి ఆతే ఆ గొట్టం పట్టుకుని బయటికి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. కారు అద్దం మీద తట్టి, దాన్ని లోపలికి అందించింది. మావారు చేతులు అడ్డంగా ఊపుతున్నారు. ఆమె కదలలేదు.

ఆయనకు తాళం రాదు. పెళ్ళిచూపుల్లో నేను పాడుతుంటే తప్పు తాళం వేసి మా నాన్నగారి కోపపు చూపు తిన్న మనిషి. దించిన తల ఎత్తకుండా వచ్చి నిలబడ్డారు. మొదటి దెబ్బ వెనకబడింది, రెండోది అసలు పడలేదు. నేను సిగ్గుతో ఆయన చేతివైపు చూస్తుంటే, ఆతే వచ్చి ఎప్పటిలాగే నా గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పింది. ఆయనతో మాత్రం, “ఆలస్యంగా కొడుతున్నారు. మళ్ళీ,” అంది. క్షమించానన్న మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఆలస్యం, మళ్ళీ, ఇంకోసారి, ఇవే అంది, ఆ శుక్రవారమూ, తర్వాత వచ్చిన చాలా శుక్రవారాలూ. ఎడారి మధ్య తిరుగు ప్రయాణంలో మావారు స్టీరింగు మీద వేళ్ళతో ఆ తాళమే సాధన చేసుకునేవారు. అలా సాధన చేస్తుండగానే ఒకనాడు, “చింతపండు అయిపోయిందన్నావు కదూ,” అని అడిగారు. మేము మళ్ళీ మాట్లాడుకోవడం అక్కడ మొదలైంది.

ఆ బడి వార్షికోత్సవంలో రకరకాల దేశాల పిల్లలు వేదిక నిండా గొట్టాలు పట్టుకుని నిలబడి వాయించారు. వెనక వరసలో కూర్చున్న ఆతే దేశంవాళ్ళు కొందరు, అప్పటిదాకా కొండపాట అంటే ముఖం తిప్పుకున్న పట్నపు పిల్లలే, లేచి నిలబడ్డారు. ఆతే వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తప్పులే వింటోంది. తర్వాత కొద్దికాలానికే మావారి కంపెనీ పని అయిపోయి మేము వచ్చేశాం. ఆమె ఇంకో దేశానికి వెళ్ళిందని తెలిసింది. పండగ కార్డులు కొన్నేళ్ళు వచ్చి ఆగిపోయాయి. కంప్యూటర్లో వెతికితే ఆమె అసలు పేరుతో వందలమంది నవ్వుతూ కనిపిస్తారు. వాళ్ళలో మాట్లాడే ముందు ఆగి చూసేవాళ్ళెవరో ఫొటోలో ఎలా తెలుస్తుంది?

మా మేనకోడలు ఇప్పుడు దోహాలోనే ఉంది. మేమున్న వీధిని వెతికి పెట్టమంటే వెళ్ళి చూసి వచ్చింది. మా మేడ లేదట, అక్కడ అద్దాల భవనం ఉందట, దాని కిందుగా రైలు వెళుతుందట. మేనకోడలి ఫ్లాటు చాలా ఎత్తులో ఉంటుంది, సముద్రం కనిపిస్తుంది. ఎదురు తలుపు వాళ్ళు ఎవరని అడిగాను. తెలియదంది. ఏ దేశం వాళ్ళో కూడా తెలియదట. లిఫ్టులో కలిస్తే అందరూ ఫోను చూసుకుంటారట. ఎవరి జోలికీ ఎవరూ రారు అత్తా, హాయిగా ఉంటుంది అంది. హాయిగానే ఉంటుంది, కాదనను. మా రోజుల్లో మేము ఒకరినొకరం తొంగి చూసుకున్నాం, చెవులు రిక్కించాం, తప్పుగా అనుకున్నాం, చెప్పకూడనిది చెప్పాం, వెళ్ళి తలుపులు తట్టి క్షమాపణలు అడిగాం. ఒకరినొకరం అనుమానించుకునేంత దగ్గరగా బతికాం మేము. ఇప్పటివాళ్ళకు అనుమానించడానికైనా పక్కన ఎవరున్నారో తెలియాలి కదా.